కోసిన గుర్తులేమీ లేవు

జూన్ 3, మంగళవారం

బండి పోయింది.

జూన్ 4, బుధవారం

నిన్న అంతకు మించి రాయబుద్ధి కాలేదు. అసలు డైరీ రాసే అలవాటే నాకు లేదు. ఇది మా కొట్లో వారంటీ రిజిస్టరు. ముందు పేజీల్లో నా దగ్గర బండి తాళాలు కొన్నవాళ్ల పేర్లూ ఫోన్ నంబర్లూ ఉన్నాయి. తిరగేసి పట్టుకుంటే వెనక పేజీలన్నీ ఖాళీ. ఎవరితోనైనా చెప్పుకుందామంటే మా ఆవిడ పొద్దున్నే ల్యాబ్ కౌంటర్‌కి వెళ్లిపోయింది, మావాడు కాలేజీకి వెళ్లాడు. కొట్టుకి వచ్చినవాళ్లందరిదీ ఒకటే పాట. "తాళాల మాస్టారి బండే పోయిందంటగా!" అందులో జాలి పావు వంతు, సంబరం ముప్పావు వంతు.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నిన్న పొద్దున ఆరుంపావుకి పాల ప్యాకెట్ కోసం కిందికి దిగాను. సెల్లార్లో మా స్తంభం దగ్గర బండి లేదు. నేలలో నేనే సిమెంటు పోసి దింపిన ఇనుప రింగు ఉంది, దానికి గొలుసు ఉంది. గొలుసు తాళం తెరిచి పక్కనే పెట్టి ఉంది. ముందు చక్రం డిస్కుకి వేసే సైరన్ తాళం కూడా తెరిచి గోడవారగా పెట్టి ఉంది. రెండూ తీసుకుని వెలుతురులోకి వచ్చి, భూతద్దం పెట్టి మరీ చూశాను. కోసిన గుర్తులేమీ లేవు. సుత్తి దెబ్బ లేదు. లోపల ఊచతో కెలికిన గీత లేదు. ఆ సైరన్ తాళాన్ని తాళంచెవితో కాకుండా ఇంకెలా కదిపినా వీధి చివరిదాకా వినిపించేలా అరుస్తుంది. ఎవరికీ వినిపించలేదట.

అంటే తాళంచెవితోనే తీశారు.

తాళంచెవులు రెండు జతలు. ఒకటి ఎప్పుడూ నా మొలకే ఉంటుంది. రెండోది మావాడి దగ్గర.

ఈరోజుకి ఇంతే.

జూన్ 5, గురువారం

అపార్ట్‌మెంటు సెక్రటరీ వచ్చి సెల్లార్లో నాలుగు కెమెరాలు పెట్టిస్తున్నామని చెప్పాడు. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు. "మాస్టారూ, మీరే అమ్ముతారు కదా, బండికి ట్రాకర్ పెట్టుకోలేదా?" అన్నాడు. "నా తాళం మీద నమ్మకం లేనివాళ్లకి అమ్ముతానండీ అది" అన్నాను. జోకనుకుని నవ్వాడు.

ఆ బండి కొనడానికి ఆర్నెల్లు పట్టింది. అంతకుముందు నాకూ మావాడికీ పెద్దగా మాటల్లేవు. తిన్నావా, ఫీజు కట్టావా, లైటు ఆర్పు. బండి కొందామనుకున్నాక ప్రతి ఆదివారం ఇద్దరం షోరూముల వెంట తిరిగాం. వాడొక అట్ట తీసుకుని గళ్లు గీశాడు. బరువు, సీటు ఎత్తు, పికప్, మైలేజీ, బ్రేకులు, స్పేర్ పార్టులు. చివర్లో నేనొక గడి కలిపాను. దానికి 'దొంగ' అని పేరు పెట్టాను. వాడు పడీ పడీ నవ్వాడు. షోరూములో వాడు ప్రతి బండినీ నడిపేవాడిలా చూసేవాడు, నేను ఎత్తుకెళ్లేవాడిలా చూసేవాణ్ని. మాకు మేమే తిరుగులేని జోడీ అనిపించేది.

మూడు స్పోర్ట్స్ బైకులు మిగిలాయి. ఎర్రది, నీలంది, పసుప్పచ్చది. పసుప్పచ్చదాని పార్టులు దొరకవని మొదటి నెలలోనే కొట్టేశాం. ఎర్రదాని మీద ట్యాంకు పైకి వంగి, పడుకున్నట్టు కూర్చోవాలి. నీలందాని మీద నిటారుగా కూర్చోవచ్చు. బరువులో ఎర్రది ఇరవై కిలోలు ఎక్కువ. ఖాళీ రోడ్డు మీద ఎర్రదాన్ని మించింది లేదు, సందుల్లో తిప్పాలంటే నీలంది. వాడు నీలందాన్ని మూడుసార్లు ఎక్కి దిగి, "ఇదే నాన్నా. దీని మీద మణికట్లు నొప్పెట్టవు" అన్నాడు. "నీలంది దొంగలకి సొంత బండిరా! హెడ్‌లైటు కింద చెయ్యి పెడితే వైర్లు అందుతాయి. ఎర్రదాని తాళంచెవిలో చిప్పుంది. అది లేకపోతే ఇంజను పలకదు" అన్నాను నేను. అట్ట మీద మార్కులన్నీ కూడితే నీలంది గెలిచింది.

ఎర్రది కొన్నాం.

జూన్ 7, శనివారం

ఇవాళ వాణ్ని అడిగాను. అడగలేదు, తాళంచెవులు చూపించమన్నాను అంతే. బ్యాగు పక్క జేబులోంచి తీసి చేతిలో పెట్టాడు. బండిది, సైరన్‌ది, గొలుసుది. మూడూ ఉన్నాయి. ఎవరైనా అచ్చు తీసి ఉంటే మైనం ఏమైనా అంటుకుని ఉందేమోనని పళ్లన్నీ చూశాను. అలవాటు.

"నాన్నా, నేను తియ్యలేదు."

"తీశావని నేనన్నానా?"

"అనలేదు. చూసే పద్ధతి అలాగే ఉంది."

"ఎవరికైనా ఇచ్చావా? ఒక్క గంటకైనా?"

"ఇవ్వలేదు."

"మరి తాళం ఎలా వచ్చింది?"

"నాకేం తెలుసు? తాళాలు నీ సబ్జెక్టు."

ఆవిడ లోపలి నుంచి, "ఇద్దరూ వచ్చి తినండి, చల్లారిపోతోంది" అంది. తిన్నాం. ముగ్గురం టీవీ వైపు చూస్తూ తిన్నాం.

జూన్ 9, సోమవారం

ఇద్దరు మనుషులు, ఒక ట్రాలీ ఆటో. అలా జరిగి ఉండొచ్చు.

ఎత్తుకెళ్లాలన్నా ముందు గొలుసు విప్పాలి. గొలుసు కొయ్యలేదు.

జూన్ 12, గురువారం

అపార్ట్‌మెంటు గేటు పక్కన కొట్టున్న టైలరు నన్ను పిలిచాడు. దారం కొరుకుతూ కాసేపు నసిగాడు.

"చెప్పాలా వద్దా అనుకుంటున్నా అన్నా. పోయిన నెల మీవాడు ఇక్కడే నిలబడి బండి ఎవరికో చూపిస్తున్నాడు. అమ్ముతారా ఏంటి అంటే, 'మా నాన్న ఒప్పుకోవాలిగా' అని నవ్వాడు."

నిజమే, మే నెలలో వాడు నన్ను అడిగాడు. "అమ్మేసి మామూలు బండి తీసుకుందాం నాన్నా, కాలేజీకి వెళ్లొచ్చేసరికి చేతులు లాగేస్తున్నాయి" అని. నేను వినిపించుకోలేదు. వినిపించుకోలేదంటే, విన్నాను, కుదరదన్నాను.

అక్కణ్నుంచి తిన్నగా పోలీస్ స్టేషన్‌కి వెళ్లాను. మొదటిరోజు ఇచ్చిన ఫిర్యాదు అక్కడే పడి ఉంది. రైటరు మంచివాడే. ముందు నాకు కుర్చీ వేశాడు.

"మాస్టారూ, ఇందులో ఒక లైను ఖాళీగా వదిలేశారు. ఎవరిమీదైనా అనుమానం ఉందా?"

లేదన్నాను. ఆయన పెన్ను మూత పెట్టలేదు.

"తాళాలు తీసి ఉన్నాయంటున్నారు, పగలగొట్టి లేవంటున్నారు. అలా ఎలా కుదురుతుంది?"

అప్పుడు నేను వివరించాను. ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నానని, నా తాళాన్ని కోస్తే కొయ్యాలి, లేదంటే దాని తాళంచెవితో తియ్యాలి, మూడో దారి లేదని చెప్పాను. సైరన్ ఎలా పనిచేస్తుందో బొమ్మ గీసి చూపించాను. ఎవరైనా తాళం గురించి అడిగితే నాకు హుషారు వచ్చేస్తుంది, అదో జబ్బు. చెబుతూ చెబుతూ ఉండగానే నా మాట ఎటు వెళ్తోందో తెలుస్తూనే ఉంది. ఆపలేదు.

"తాళంచెవులు ఎవరెవరి దగ్గరున్నాయి?"

చెప్పాను. టైలరు చెప్పింది కూడా చెప్పాను.

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడండీ. మేం పట్టాలంటే మీరు నోరు విప్పాలి. అబ్బాయి పేరు రాయమంటారా?"

"రాయండి."

కింద సంతకం పెట్టాను. ఏమీ అనిపించలేదు. కొట్టుకి వచ్చి మధ్యాహ్నంలోపు రెండు డిస్క్ తాళాలు అమ్మాను.

జూన్ 13, శుక్రవారం

ఊరికే నాలుగు మాటలు అడిగి పంపిస్తామన్నారు. వాణ్ని నేనే తీసుకెళ్లాను. బూట్లు బయట విప్పమన్నారు. పది గంటలకి లోపలికి వెళ్లాడు. నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. గుమ్మం పక్కన వాడి బూట్లు ఉన్నాయి. లోపల ఏం అడుగుతున్నారో వినిపించలేదు. ఒకసారి మాత్రం చప్పుడైంది. బల్ల మీద చరిచి ఉంటారు.

నాలుగింటికి వదిలారు. ఎడమ చెంప ఎర్రగా ఉంది. అంతసేపూ చేతి మీద ఆనించుకుని కూర్చుని ఉంటాడు. బూట్లు వేసుకుంటుంటే లేసు ముడి పడటం లేదు. నేను వంగాను. "వద్దు" అన్నాడు. దారంతా నాకు పది అడుగులు వెనకగా నడిచాడు.

ఇంటి గుమ్మంలో నిలబడి అన్నాడు, "నేను తియ్యలేదు నాన్నా. అక్కడ కూడా ఇదే చెప్పాను. రేపైనా ఇదే చెబుతాను."

నేను ఫ్యాను వేశాను. ఉక్కగా ఉంది.

జూన్ 14, శనివారం

వాడు వెళ్లిపోయాడు. నేను కొట్టు నుంచి వచ్చేసరికి బట్టల బ్యాగు లేదు, పుస్తకాలు సగం లేవు. ఎక్కడికెళ్లాడని అడిగితే ఆవిడ గిన్నెలు కడుగుతూ వెనక్కి తిరక్కుండానే మాట్లాడింది.

"స్టేషన్లో మీరే పేరు రాయించారట. నాకు నిన్నటిదాకా తెలీదు. వాళ్లే పిలిచారనుకున్నాను."

"తాళం తీసి ఉందే. నేనేం చెయ్యను?"

"మీ తాళం తప్పు చెయ్యదు. మీ కొడుకు మాత్రం చేస్తాడు. అంతేగా?"

"తాళానికి అబద్ధం చెప్పడం రాదు" అన్నాను.

పంపు కట్టేసింది. చీర కొంగుతో చేతులు తుడుచుకుని నా వంక చూసింది. పెళ్లయిన ఇరవై మూడేళ్లలో ఆవిడ నన్ను తిట్టింది, అలిగింది, ఒకసారి పుట్టింటికి కూడా పోయింది. ఇలా మాత్రం ఎప్పుడూ చూడలేదు. తర్వాత వెళ్లి మిగతా గిన్నెలు కడుక్కుంది.

జూన్ 15, ఆదివారం

కొట్టు తెరిచాను. మూసేశాను.

జూన్ 18, బుధవారం

అలాగే.

జూన్ 21, శనివారం

ఒకావిడ తాళం తిరిగి తెచ్చింది. మా బండికి వేసిన రకమే, గొలుసు తాళం. "ఏంటో అండీ, పొరపాటున నా తాళంచెవి ఎదురింటాయన బండి తాళానికి పెడితే టక్కున వచ్చేసింది. ఆయనా మీ దగ్గరే కొన్నాడట" అంది. నవ్వాను. "ఆయన తాళం సరిగ్గా పడి ఉండదమ్మా, మీరు లాగి ఉంటారు" అన్నాను. "లాగలేదండీ, తిప్పాను" అంది. సరేలెమ్మని వేరే రకం తాళం ఇచ్చి పంపించి, ముందు పేజీలో రాసుకున్నాను.

అలా జరగదు. వెయ్యి రకాల తాళంచెవులని కంపెనీవాళ్లు అట్ట పెట్టె మీదే అచ్చేశారు.

మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ఆ రకం తాళాలు ఒక అరడజను తీసి బల్ల మీద పేర్చాను. ఒకదాని తాళంచెవి ఇంకోదానికి పెట్టి చూద్దామనుకున్నాను. ఇంతలో ఎవరో బండి కవరు కోసం వచ్చారు. వాళ్లు వెళ్లాక తాళాలన్నీ మళ్లీ పెట్టెలో సర్దేశాను. చూడాల్సినంత పనేముంది!

జూన్ 29, ఆదివారం

ఒక తండ్రీ కూతురూ వచ్చారు. ఆ పిల్లకి స్పోర్ట్స్ బైకు కావాలట, ఆయనకి పోతుందేమోనని భయమట. కొనకముందే తాళాలాయన్ని అడిగిరమ్మని ఎవరో పంపించారట. అడిగింది ఎర్రదీ నీలందీ గురించే.

నోరు తెరిచానంటే ఇక ఆగుతానా? ఎర్రదానికి చిప్పున్న తాళంచెవి, బరువెక్కువ, ఇద్దరు లేనిదే కదలదు. నీలందాని వైర్లు బయటికి ఉంటాయి కానీ ఒక చిన్న స్విచ్ లోపల దాచి పెట్టుకుంటే దానికీ భయం లేదు. ఎర్రదాని ముందు బ్రేకు పట్టు ఎక్కువ, నీలందాని వెనక సీటు మెత్తన. సీటు ఎత్తు ఈ అమ్మాయికైతే నీలందే సరి, సిగ్నల్ దగ్గర రెండు కాళ్లూ ఆనతాయి. తండ్రి తలూపుతున్నాడు. పిల్ల ఫోన్లో రాసుకుంటోంది. చాలా రోజుల తర్వాత నా గొంతు నాకు బాగా వినిపించింది.

"అంకుల్, మీరైతే ఏది తీసుకుంటారు?"

"నీలంది" అన్నాను. "దాని మీద మణికట్లు నొప్పెట్టవు. మావాడు చెప్పాడు."

"మీవాడు కూడా నడుపుతాడా?" అన్నాడు తండ్రి.

అవునన్నాను. వాళ్లకి రెండు తాళాలు చూపించాను. ఏదీ కొనలేదు, మళ్లీ వస్తామన్నారు.

జూలై 8, మంగళవారం

ఆవిడ రోజూ వాడితో మాట్లాడుతుంది, బాల్కనీలోకి వెళ్లి తలుపేసుకుని. బండ్ల షోరూములో సేల్స్‌లో చేరాడట. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం నుంచి ఉద్యోగమట. స్నేహితుడి గదిలో ఉంటున్నాడట. ఇవేవీ ఆవిడ నాతో చెప్పలేదు. ఆ తలుపు పల్చన.

జూలై 16, బుధవారం

ఇది ఇవాళే రాసెయ్యాలి. రేపటికి నాకు అనుకూలంగా మార్చి రాసుకుంటాను.

పదకొండింటికి ఇన్‌స్పెక్టరు ఫోను చేశాడు. ఊరి బయట ఒక షెడ్డులో పదకొండు బండ్లు దొరికాయట, అందులో మా ఎర్రది కూడా ఉందట. దొంగని పట్టుకున్నాం, వచ్చి గుర్తుపట్టండి అన్నాడు. వెళ్లాను.

దొంగకి నలభై దాటి ఉంటాయి. కళ్లద్దాలు, ఇస్త్రీ చొక్కా. ఎక్కడైనా కనిపిస్తే గుమాస్తా అనుకుంటాం. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"నమస్కారం మాస్టారూ."

"నన్నెరుగుదువా?"

"భలేవారే! మీ దగ్గర పధ్నాలుగు తాళాలు కొన్నాను కదండీ."

ఫిర్యాదుతో పాటు నేనిచ్చిన మా గొలుసు తాళం, సైరన్ తాళం రైటరు బీరువాలోంచి తీసి వాడి ముందు పెట్టాడు. రెండూ వేసి ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు వాడి గుత్తి వాడికిచ్చాడు. పన్నెండు తాళంచెవులు. వాడు మొదటిది పెట్టాడు, రాలేదు. రెండోది, మూడోది. నాలుగోదానికి గొలుసు తాళం నోరు తెరిచింది. తొమ్మిదోదానికి సైరన్ తాళం వచ్చింది. కిక్కురుమనలేదు. నిమిషం కూడా పట్టలేదు.

"ఈ కంపెనీవాళ్లు ఎన్ని వేల తాళాలు చేసినా, గొలుసుదైనా సైరన్‌దైనా తాళంచెవులు పన్నెండు రకాలే చేస్తారండీ. తిప్పితిప్పి అవే. ఒక్కొక్కటీ కొనుక్కుంటూ పోతే పన్నెండూ చేతికొచ్చేశాయి. రెండు డబుల్ పడ్డాయి."

"తప్పు తాళంచెవి పెడితే సైరన్ మోగాలి కదా" అన్నాను.

"ఊపితే మోగుతుందండీ. తాళంచెవి ఏదైనా నెమ్మదిగా పెడితే దానికేం తెలుస్తుంది?"

హ్యాండిల్ లాకు ఒక్క తన్నుకి పోతుందట. చిప్పు సంగతి అడిగితే, "మేం స్టార్టు చెయ్యం కదండీ, తోసుకెళ్లి ట్రాలీ ఎక్కించి పైన పాత పరుపు కప్పేస్తాం" అన్నాడు. తాళాలు అంత పద్ధతిగా పక్కన ఎందుకు పెట్టావని అడిగాను. విసిరేస్తే చప్పుడవుతుంది కదండీ అన్నాడు. నా మీద వాడికేమీ కోపం లేదు. నాకు పాఠం చెప్పాడు, అంతే.

"తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు మాస్టారూ" అని ఇన్‌స్పెక్టరు నవ్వాడు. రైటరు మాత్రం నవ్వలేదు. ఒక తెల్లకాగితం నా ముందు పెట్టాడు. "అబ్బాయి మీద అనుమానం లేదని రాసివ్వండి. లేకపోతే పేరు అలా ఉండిపోతుంది."

రాశాను. 'నా కుమారుడిపై నాకు ఎటువంటి అనుమానమూ లేదు.' ఏ తేదీ వెయ్యమంటారని అడిగాను.

"ఇవాళ్టిదే వెయ్యండి. ఇవాళేగా పోయింది అనుమానం."

బయటికి వచ్చి ఆ వరండా స్తంభం పట్టుకుని నిలబడ్డాను. నెల రోజులుగా ఒంట్లో ఏదో మొద్దుబారి ఉంది, అది ఒక్కసారిగా వదిలింది. సిగ్గేసింది. కాళ్లలోంచి పైకి సిగ్గేసింది. తాళం గురించి కాదు. ఆరోజు వినిపించిన చప్పుడు బల్ల మీద కొట్టింది కాదు. నాకు అప్పుడే తెలుసు.

జూలై 17, గురువారం

రిజిస్టరు ముందు వైపు నుంచి తెరిచి మొదటి పేరు నుంచి ఫోన్లు మొదలుపెట్టాను. "నేనమ్మిన తాళం పనికిరాదండీ. తెచ్చివ్వండి, వేరేది ఇస్తాను." సాయంత్రానికి డెబ్బై మందికి చెప్పాను. ఒకాయన అమ్మానాన్నల్ని కలిపి తిట్టాడు. ఒకాయన నా ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు. ఎదురింటి బండి తాళం తీసినావిడ, "నేను తిప్పాను అని చెప్పానా లేదా?" అంది. చెప్పారమ్మా అన్నాను.

ఇంటికొచ్చి మా ఆవిడకి అంతా చెప్పాను. ఆవిడ కూర్చుని విన్నది. "వాడికి చెప్పారా?" అంది. ఫోన్లో చెప్పే మాట కాదన్నాను. "మరి వెళ్లండి" అంది.

జూలై 20, ఆదివారం

వెళ్దామనుకున్నాను. ఇస్త్రీ చొక్కా లేదు.

జూలై 22, మంగళవారం

షోరూము అద్దం తలుపు తోసుకుని వెళ్లాను. మావాడు నీలం రంగు టీ షర్టు వేసుకుని, మెడలో కార్డు తగిలించుకుని, ఎవరో దంపతులకి బండి చూపిస్తున్నాడు. "సార్, పికప్ చూసి మోసపోకండి. రోజూ నడిపేది మీరు. ముందు పది నిమిషాలు కూర్చుని చూడండి, మణికట్లు ఏమంటాయో" అంటున్నాడు. వాళ్లు అయ్యేదాకా హెల్మెట్ల అల్మారా దగ్గర నిలబడ్డాను. చిక్కిపోయాడు. గడ్డం పెంచాడు, నప్పలేదు.

వాళ్లని పంపించి నా దగ్గరికి వచ్చాడు. ఇంకొక సేల్స్‌మన్ చూస్తున్నాడని కాబోలు, "చెప్పండి" అన్నాడు.

"దొంగ దొరికాడురా."

వాడు అల్మారాలో ఒక హెల్మెట్‌ని సరిచేసి పెట్టాడు.

"అన్నీ ఒప్పేసుకున్నాడు. నా తాళాలు నా కళ్లముందే తీసి చూపించాడు. ఆ కంపెనీవాళ్లు తాళంచెవులు పన్నెండు రకాలే..."

"అయితే దొంగ చెబితే నమ్మావు."

"అది కాదురా..."

"నేను మూడుసార్లు చెప్పాను నాన్నా."

ఎక్కడో ఎవరో బండి హారన్ నొక్కి చూస్తున్నారు. నేను తప్పయిపోయిందన్నాను. గట్టిగానే అన్నాననుకుంటాను, ఆ రెండో సేల్స్‌మన్ తల తిప్పాడు. తప్పయిపోయింది, తాళాన్ని నమ్మి నిన్ను నమ్మలేదు, మీ అమ్మ ఆరోజే చెప్పింది, ఇంటికి రా అన్నాను. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. టీ షర్టు భుజంతో తుడుచుకున్నాడు. చిన్నప్పుడూ అంతే.

"బండి కోర్టు కాగితాలయ్యాక ఇస్తారట. అమ్మేసి నీలంది..."

"నాకు బండి వద్దు."

"సరే. ఇంటికైతే రా."

"వస్తా. అమ్మని చూడ్డానికి వస్తా. ఆదివారం." అని ప్యాంటు జేబులో చెయ్యి పెట్టి మా ఇంటి తాళంచెవి తీశాడు. విడిగా ఉంది, ఎప్పట్నుంచో ఇద్దామని పెట్టుకున్నట్టుంది. నా చెయ్యి తెరిచి అందులో పెట్టాడు. "ఇది నీ దగ్గరుంచు. రేపు ఇంట్లో ఇంకేదైనా పోతే తాళంచెవులు ఎన్ని జతలో లెక్కపెడతావు. అందులో నాది ఉండకూడదు."

"ఒరేయ్..."

"కోపంతో కాదు నాన్నా. నిజంగా భయం."

ఇంకో కస్టమరు వచ్చాడు. వాడు వెళ్లాడు.

జూలై 27, ఆదివారం

పదకొండింటికి వస్తానన్నాడట. పదింటి నుంచే తలుపు బార్లా తీసి ఉంచాను. ఆవిడ వంటింట్లోంచి నాలుగుసార్లు తొంగి చూసింది. నేను గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఏం మాట్లాడాలో అనుకుని పెట్టుకున్నాను.

మెట్ల మీద అడుగులు వినిపించాయి. వచ్చాడు. గడ్డం తీసేశాడు. గుమ్మానికి అవతలే ఆగాడు. నేను కనిపిస్తూనే ఉన్నాను, నాకూ వాడికీ మధ్య నాలుగడుగులు లేవు.

బెల్లు కొట్టి నిలబడ్డాడు.